వేరే నంబరు ముక్క

ఫిల్మ్‌నగర్‌లో తుపాకీకి వయసు రంగుతో వస్తుంది. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ కుర్రాళ్లు నల్లరంగు కొట్టి, అంచులు ఎమరీ పేపరుతో గీకి, అక్కడక్కడ వెండిరంగు అద్దితే నిన్న పుట్టిన రివాల్వరు రెండు యుద్ధాలు చూసినట్టుంటుంది. పనితనాన్ని మెచ్చుకుంటాను. కానీ నాకో వెలితి. అరిగినట్టు చేస్తారు, మరమ్మతు చేసినట్టు చెయ్యరు.

అసలు సైనిక పిస్తోళ్ల గుట్టంతా మరమ్మతులోనే ఉంది. 1908లో జర్మన్ సైన్యం తీసుకున్న లూగర్‌కి ఫ్రేము మీద పూర్తి నంబరు, చిన్న ముక్కల మీద అందులోని చివరి రెండంకెలు కొట్టేవారు. అన్నీ కలిసిన పిస్తోలుకి సేకర్తలు ఎంతైనా పెడతారు. ఒక్క ముక్క వేరే నంబరుదైతే ధర పడిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో చేజిక్కిన లూగర్లను సోవియట్ ఆయుధాగారాల్లో విప్పి, మళ్లీ నల్లబరిచి, చేతికందిన ముక్కలతో బిగించారు. జాడీ పగిలితే దాని మూత ఇంకో జాడీకి పెట్టుకోమా, అలాగన్నమాట.

నా ఓటు ఈ కలవని పిస్తోళ్లకే. ధర పలికే చోట దొంగపని కూడా ఉంటుంది: పాత అంకెలు అరగదీసి కొత్తవి కొట్టి ‘అన్నీ కలిశాయి’ అని అమ్మేవాళ్లున్నారు. కలవని పిస్తోలు కోసం అంత శ్రమ ఎవడు పడతాడు?

జూబ్లీహిల్స్‌లో ఎంత బంగళా ఉన్నా వీటిని గోడనిండా తగిలించడం కుదరదు. 2019 సవరణ తర్వాత మనిషికి రెండే తుపాకులు. బాగుచేసినా పేలనంతగా పాడైన పాతవాటినే 1959 ఆయుధాల చట్టం వదిలేస్తుంది. మిగతావాళ్లం సాలార్‌జంగ్ మ్యూజియంలో అద్దం ఇవతల నిలబడాల్సిందే.

అందుకే నా ఆశ సినిమా మీద. అల్లూరి కథ తీస్తున్నారనుకోండి. ఆయన దళం చింతపల్లి ఠాణా మీద పడింది 1922 ఆగస్టు 22న. బ్రిటిష్ సైన్యం వెబ్లీ ఆరో మార్కు రివాల్వరు తీసుకున్నది 1915లో. అంటే ఆనాటి దొర నడుముకి వేలాడేది అప్పటికే మొదటి యుద్ధం బురద తిన్నదై ఉండొచ్చు. దాని పిడికి రెండువైపులా గట్టి రబ్బరు పలకలుంటాయి. ఒకటి వెలిసి గోధుమరంగుకి తిరిగినట్టు, రెండోది తర్వాత వేసిన నల్లపలక అయినట్టు పెట్టండి. క్లోజప్ ఎటూ రెండు సెకన్లే, ఖర్చు నిర్మాత లెక్కల్లో కనబడను కూడా కనబడదు.