తెరమీది కొండచిలువ

తక్కువ ఖర్చుతో, సినిమాహాలుకు గాక టెలివిజన్ కొరకే తీయబడిన రాక్షసజంతువుల ఇంగ్లీషు చిత్రములు ఒక ప్రత్యేకశాఖగా పెరిగినవి. ఈ తరహా కథలు తెలుగు మాటలు తొడుగుకొని మన ఇండ్లలోనికి కూడ వచ్చుచున్నవి. అమెరికాలో సైఫై ఛానెల్ 2011 జనవరిలో ప్రసారము చేసిన 'మెగా పైథాన్ వర్సెస్ గేటరాయిడ్' ఈ కోవకు మంచి ఉదాహరణము.

డాక్టరు బిరుదుగల ఒక జంతుప్రేమికురాలు ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్ చిత్తడినేలలో కొండచిలువలను విడిచిపెట్టును. వాటిని అణచుటకై అటవీ అధికారిణి మొసళ్ళకు స్టిరాయిడ్ మందు కలిపిన కోళ్ళను మేపును. మొసళ్ళు బ్రహ్మాండముగా పెరుగును. వాటి గ్రుడ్లు తిని పాములును పెరుగును. బొమ్మలు చౌకబారువే గాని, అది పెద్ద దోషము కాదు. 1957 నాటి 'మాయాబజార్'లోని ఘటోత్కచుని ఎవరును త్రాసులో వేయరు. ఆయన సైన్సు పేరు చెప్పి పెరుగలేదు. ఈ పాములు చెప్పినవి. కనుక త్రాసు తప్పదు.

జనగామ జిల్లాలోని పెంబర్తి ఇత్తడి పనికి ప్రసిద్ధము. అక్కడి పనివాని చేతిలో ఒక కిలో బరువుగల గట్టి ఇత్తడిబొమ్మ ఉన్నదనుకొనుడు. పొడవు, వెడల్పు, ఎత్తు అన్నియు రెట్టింపు చేసినచో, దానికి పట్టు ఇత్తడి రెండు కిలోలు కాదు, ఎనిమిది. గెలీలియో 1638లోనే ఈ లెక్కను ఎముకలకు వర్తింపజేసెను. 3 మీటర్ల కొండచిలువను 30 మీటర్లు చేసినచో బరువు వేయిరెట్లగును. కండరముల అడ్డుకోత మాత్రము నూరురెట్లే. శరీరబలము కండరపు అడ్డుకోతనుబట్టి యుండును గాన, అట్టి పాము తల యెత్తుటకే ఆయాసపడవలెను. ఇక స్టిరాయిడ్ సంగతి. మందు కండ పెంచవచ్చును గాని పదార్థమును సృష్టింపదు. అంత మాంసము ఏ ఆహారమునుండి వచ్చినదో కథ చెప్పదు.

విచారమేమనగా, కథకు మూలము నిజమే. మనుష్యులు పెంచి విడిచిన బర్మా కొండచిలువలు ఎవర్‌గ్లేడ్స్‌లో స్థిరపడినవి. 2012లో ప్రకటితమైన పరిశోధన ప్రకారము, అవి ఎక్కువకాలముగా నున్న ప్రాంతములలో రాకూన్లు కనబడుట 99 శాతము తగ్గినది. ఈ పని చేసినవి ఆరు మీటర్లు దాటని మామూలు పాములు. చేతిలో ఇంత కథ ఉండగా మందుసీసా వెదకుటేల?

ఈ చిత్రముల వలన నష్టము మరొక వైపునను కలదు. మహబూబాబాద్ అడవి అంచు పల్లెలో మేకపిల్ల కొరకు వచ్చిన కొండచిలువను చూచి, తెరమీది పామును తలచుకొని కర్ర అందుకొను బాలునికి, అది విషము లేని జంతువనియు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము రక్షించుచున్నదనియు ఎవరు చెప్పవలెను? చిత్రము చెప్పదు, ఉపాధ్యాయుడే చెప్పవలెను.

నిజమైన మహాసర్పములు గనులలో దొరికినవి. కొలంబియాలోని సెర్రెహోన్ బొగ్గుగనిలో లభించిన టైటనోబోవా 13 మీటర్లుండునని 2009లో లెక్కించిరి. గుజరాత్‌లోని కచ్ఛ్‌లో పనంధ్రో లిగ్నైట్ గనిలో దొరికిన 27 వెన్నుపూసలనుబట్టి 'వాసుకి ఇండికస్' 11 నుండి 15 మీటర్ల పామని 2024లో ప్రకటించిరి. శీతరక్తజంతువు అంత పెరుగవలెనన్న వాతావరణము వేడిగా నుండవలెను గనుక, ఆ పూసలనుండి ఆనాటి ఉష్ణోగ్రతను కూడ అంచనా కట్టిరి.

ఇది విన్న భూపాలపల్లి విద్యార్థి, సింగరేణి బొగ్గులోను పాము దొరకునా యని అడుగును. దొరకదు. ఆ బొగ్గు పెర్మియన్ యుగమునాటిది, పాముల పుట్టుకకు కోట్ల సంవత్సరములు ముందటిది. గోదావరిలోయ బొగ్గుపొరలలో కనబడునవి గ్లాసాప్టెరిస్ అను చెట్టు ఆకుల అచ్చులు. చక్కని నాలుకవలె నుండు ఆ ఆకు అచ్చు గల బొగ్గుపలకను ఎవరైన పెద్దలు గని నుండి తెచ్చి యిచ్చినచో, తరగతిబల్లపై పెట్టి కొలువవచ్చును.