కళాదేశ్ పేకముక్కలు

రమ్మీలో ముక్కలన్నీ అందరివీ. కట్ట కలిపి పంచాక ఎవరి చేతికి ఏది వస్తే దాంతోనే ఆడాలి. అమెరికన్ గణితవేత్త రిచర్డ్ గార్‌ఫీల్డ్ 1993లో ‘మ్యాజిక్: ద గ్యాదరింగ్’ తయారుచేసి ఈ పద్ధతిని తిరగేశాడు. ఇందులో ఎవరి కట్ట వారిదే. వేల రకాల ముక్కల్లోంచి కావలసినవి ఏరుకుని, అరవై ముక్కల కట్ట కట్టుకుని మరీ ఆటకు కూర్చుంటారు. ఏటా కొత్త సెట్లు వస్తాయి. ఒక్కో సెట్టుకూ వెనక ఒక ఊహాలోకం ఉంటుంది. మొట్టమొదటి ఎక్స్‌పాన్షన్ (అదనపు సెట్టు) 1993 చివర్లోనే అరేబియన్ నైట్స్ కథల ఆధారంగా వచ్చింది. 2016 సెప్టెంబరు 30న వచ్చిన కళాదేశ్‌కైతే మూలం భారతదేశం.

అమెరికా వాళ్లు ఇండియాను ఊహించారంటే పాములవాళ్లు, రత్నాల గుహలు, ధ్యానంలో ఉన్న సాధువులు కనపడతారని మనం ముందే డిసైడైపోతాం. ఈ ఆటను తెచ్చే, సియాటిల్ పక్కన రెంటన్‌లో ఉన్న విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కంపెనీ డిజైనర్లు ఆ దారి పట్టలేదు. వాళ్లు ఊహించింది ఇంజనీర్ల దేశాన్ని. (ఆ చుట్టుపక్కల సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో మనవాళ్లు ఎంతమంది ఉంటారో తెలిసినవాళ్లకు ఇదేమంత వింత కాదు.) ఘిరాపూర్ అనే మహానగరం, అందులో ఆవిష్కర్తల జాతర. గాలిలో నీలంగా సుళ్లు తిరిగే ఈథర్ అనే శక్తి, దాంతో నడిచే యంత్రాలు. ఏ యంత్రం మీద చూసినా బంగారు రంగు తీగను వంకీలు తిప్పి అల్లిన ఫిలిగ్రీ పనే. కరీంనగర్ కంసాలులు వెండితో చేసేది ఈ పనే కాబట్టి ఆ బొమ్మలు మనకు పరాయివిగా అనిపించవు. పేర్ల విషయంలో మాత్రం పెద్దగా కష్టపడినట్టు లేదు. సహీలీ రాయ్, రశ్మి, పియా నలార్ లాంటివి చాలావరకు ఉత్తరాది తీరులోనే ఉన్నాయి. ఒవియా అన్న పేరులో తమిళం వినిపిస్తుంది. తెలుగు పేరు నా చెవికైతే ఒక్కటీ తగల్లేదు.

బొమ్మలు, పేర్లు ఎవరైనా పెట్టగలరు. ఈ కళలో అసలు పనితనం నియమం రాయడంలో ఉంటుంది. ముక్క మీద రెండు మూడు వాక్యాల్లో రాసిన నియమమే ఆ పాత్ర స్వభావాన్ని చూపించాలి. ఉదాహరణకు కంబల్ అనే అధికారిని చూడండి. ఘిరాపూర్‌ను ఏలే కన్సులేట్‌లో ఏది ఎవరికి ఎంత అందాలో తేల్చే పదవి అతనిది. అతను బల్ల మీద ఉండగా ఎదుటివాడు జీవి కాని మంత్రం ఏది వేసినా, వాడి ఇరవై ప్రాణాల్లోంచి రెండు పోతాయి, ఆ రెండూ మీ ఖాతాలో పడతాయి. పన్ను వసూలు అన్న మాట ముక్క మీద ఎక్కడా ఉండదు. ఆడేవాడికి మాత్రం రెండోసారికే కడుపు మండుతుంది.

గొంటీ ఇంకా బాగా కుదిరిన పాత్ర. ఈథర్‌ను శుద్ధి చేసేటప్పుడు పుట్టే ఈథర్‌బార్న్ జాతి అతనిది. వాళ్ల ఆయుష్షు బహు కొద్ది, అందుకే ఉన్నన్నాళ్లూ జల్సాగా బతుకుతారు. గొంటీ దొంగల నాయకుడు కాబట్టి అతన్ని దించగానే ఎదుటివాడి కట్ట పైనున్న నాలుగు ముక్కలు చూసి ఒకదాన్ని కాజేయొచ్చు, తర్వాత మీదానిలాగే వాడుకోవచ్చు. అతని యాంత్రిక గుండెకు 2017 జనవరిలో వచ్చిన ‘ఈథర్ రివోల్ట్’ సెట్టులో విడిగా ఒక ముక్క ఉంది. దానికి ఎనిమిది ఎనర్జీ (ఆటలో ఈథర్‌ను లెక్కపెట్టేది ఈ పేరుతోనే) చెల్లిస్తే మీకు ఇంకో టర్ను అదనంగా దొరుకుతుంది. కాలం చాలని జీవికి ఆ గుండె ఇచ్చేది కాస్త కాలమే. కథ తెలియనివాడు కూడా ఆ టర్ను ఆడుతూ కథలోనే ఉంటాడు.

కళాదేశ్ సెట్టుతోనే ఆటలోకి వాహనాలు వచ్చాయి. వాహనం దానంతట అది కదలదు. మీ జీవుల్లో ఒకటో రెండో సిబ్బందిగా ఎక్కాలి, అంటే ఆ ముక్కల్ని అడ్డంగా తిప్పాలి. అప్పుడే ఆ టర్నుకు అది లేచి పోరాడుతుంది. నడిపే మనిషి లేనిదే యంత్రం ఇనుప ముద్దేనన్న సంగతి ఆ నియమంలోనే ఉంది. దొంగ రవాణా చేసేవాళ్ల విమానం స్మగ్లర్స్ కాప్టర్ మరీ మితిమీరింది. చవక, ఎగురుతుంది, ఒక్క చిన్న జీవి ఎక్కినా చాలు, పైగా ఏ రంగు కట్టలోనైనా ఇమిడిపోతుంది. అందరి కట్టల్లోనూ అదే కనపడుతుంటే 2017 జనవరిలో, ఇటీవలి సెట్ల ముక్కలతోనే ఆడే స్టాండర్డ్ పోటీల్లో దాన్ని నిషేధించారు.

ఎనర్జీతో వచ్చిన చిక్కు వేరు. ముక్కలు దించడానికి మామూలుగా వాడే మానా నిలవ ఉండకుండా ఎప్పటికప్పుడు ఆవిరైపోతుంది. ఎనర్జీ అలా కాదు, ఆటగాడి దగ్గరే పోగుపడుతూ ఉంటుంది. అట్యూన్ విత్ ఈథర్ అనే ముక్కకు ఒక్క మానా ఖర్చు పెడితే మానా ఇచ్చే భూమి ముక్క ఒకటీ వస్తుంది, రెండు ఎనర్జీలూ వస్తాయి. ఈథర్‌వర్క్స్ మార్వెల్‌కు ఆరు ఎనర్జీ కడితే కట్ట పైనున్న ఆరు ముక్కల్లో ఒకదాన్ని, అది ఎంత ఖరీదైనదైనా, ఉచితంగా ఆడొచ్చు. ఎదుటివాడు ఎనర్జీ కూడబెడుతుంటే చూస్తూ కూర్చోవడమే తప్ప, దాన్ని లాక్కునే ముక్క ఈ రెండు సెట్లలోనూ లేదు. మార్వెల్‌ను 2017 జూన్‌లో, అట్యూన్‌ను 2018 జనవరిలో నిషేధించారు.

నిపుణులు ఈ లోటును లెక్కల పొరపాటుగానే చూస్తారు. నాకు మాత్రం కథలో పొరపాటుగా కనపడుతుంది. కళాదేశ్ కథంతా ఈథర్ మీద పెత్తనం ఎవరిదన్న గొడవే. కన్సులేట్ దాన్ని పైపుల్లో బంధించి లెక్క ప్రకారం పంచుతుంది. తిరుగుబాటుదారులు దొంగచాటుగా మళ్లించుకుంటారు. కన్సులేట్ దాడిగా వచ్చిన ముక్క ఒకటి ఎదుటివాడి యంత్రాలన్నిటినీ ఎత్తుకుపోతుంది కూడా. ఆ ప్రభుత్వం ప్రాణంగా చూసుకునే ఈథర్‌ను మాత్రం బల్ల మీద ఏ అధికారీ ముట్టుకోలేడు. కంబల్ నియమం రాసిన పద్ధతిలోనే ఎనర్జీ జప్తు చేసే అధికారిని ఒకణ్ణి రాసి ఉంటే కథా నిలిచేది, ఆటా నిలిచేది.

ఆ లోకం మీద డిజైనర్లకు మమకారం మాత్రం పోలేదు. 2025 ఫిబ్రవరిలో వచ్చిన ‘ఈథర్‌డ్రిఫ్ట్’ సెట్టులో అవిష్కార్ అన్న కొత్త పేరుతో, కన్సులేట్ కూలిపోయాక అక్కడి నుంచి మొదలయ్యే రేసు కథగా దాన్ని మళ్లీ తెచ్చారు. వాహనాలైతే లెక్కలేనన్ని. ఎదుటివాడు పోగేసిన ఎనర్జీని ఒక్క దెబ్బకు ఊడ్చేసే సన్‌క్లెన్సర్ అనే ముక్క మాత్రం 2018 జూలైలో వేరే సెట్టులో వచ్చింది. అది కన్సులేట్ మనిషి కాదు, కళాదేశ్‌తో ఏ సంబంధమూ లేని ఒక పూజారి. మూడు నెలలు తిరక్కుండానే, ఆ అక్టోబరులో, కళాదేశ్ సెట్ల గడువు తీరి స్టాండర్డ్ పోటీల నుంచి తప్పుకున్నాయి.