అరకిలో గడ్డి లెక్క

పక్కటెముకలు బయటపడ్డ ఆడగుర్రం. దాని పొట్ట కింద దూరి, పొదుగును పదేపదే కుమ్ముతున్న పిల్ల. ఇలాంటి జంట కంటబడితే మనవాళ్లు మొదట అనేది ఒకటే: ఇన్ని ఉలవలు ఉడకేసి పెట్టండ్రా పాపం! మనకు గుర్రం అంటే గుగ్గిళ్లే. కానీ వారాల తరబడి మేత లేక ఎండిన గుర్రానికి ఆ గుగ్గిళ్ల బుట్టే ప్రాణం మీదికి తేవచ్చు.

ఆకలితో ఉన్న ఒళ్లు ముందు కొవ్వును, తర్వాత కండను కరిగించుకుని బతుకుతుంది. గుండె కండనూ వదలదు. ఆ స్థితిలో పిండి ఎక్కువున్న దాణా ఒక్కసారిగా లోపల పడితే ఇన్సులిన్ పెరిగి, రక్తంలో మిగిలిన కాస్త ఫాస్ఫరస్, మెగ్నీషియం, పొటాషియం కణాల్లోకి వెళ్లిపోతాయి. గుండె, ఊపిరి తడబడి కొన్ని రోజుల్లోనే గుర్రం కూలిపోతుంది. రెండో ప్రపంచయుద్ధం చివర నాజీ శిబిరాల నుంచి బయటపడ్డ మనుషుల్లోనూ కొందరు ఇలాగే, తిండి దొరికాక చనిపోయారు.

డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 1990లలో ఎండిపోయిన గుర్రాలకు మూడు మేతలు పెట్టి చూశారు: ఓట్స్ ఎండుగడ్డి, లూసర్న్ ఎండుగడ్డి, సగం ఓట్స్ ఎండుగడ్డి సగం దాణా కలిపిన మేత. నెగ్గింది లూసర్న్. మన పాడిరైతులు పెంచే గడ్డే అది. అందులో మాంసకృత్తులు, ఫాస్ఫరస్, మెగ్నీషియం మెండు, పిండి తక్కువ. మోతాదు దగ్గరే మనసు గట్టి చేసుకోవాలి. మొదటి మూడు రోజులు నాలుగు గంటలకోసారి, అరకిలోకి కాస్త తక్కువ. అర్ధరాత్రైనా అంతే, తెల్లవారుజామునైనా అంతే. గుర్రం కాసేపట్లోనే నమిలేసి, ఖాళీ తొట్టిని గిట్టతో కొడుతూ మీ వంకే చూస్తుంది. పక్కనే గడ్డిమోపు ఉంటుంది. అయినా పెట్టకూడదు. మెల్లగా పెంచుకుంటూ పోయి, పది రోజులు గడిచాక గానీ కడుపునిండా వేయరు. గింజలు అప్పటిదాకా దగ్గరికే రానివ్వరు.

కోలుకుంటోందో లేదో చూపుతో తేల్చడం కష్టం. చలికాలపు ఒత్తు జుట్టు ఎముకల్ని దాచేస్తుంది. మెడ, మూపు, భుజం వెనక, పక్కటెముకలు, నడుము, తోక మొదలు చేత్తో తడిమి చూడాలి. డాన్ హెనికే 1983లో ప్రచురించిన కొలబద్ద ఇదే. ఎముకలగూడుకు 1, కొవ్వు పేరుకున్నదానికి 9. మామూలు ఒంటికి చేరడానికి నెలలు పడుతుంది.

పిల్ల ఉన్నప్పుడు లెక్క ఇంకా చిక్కు. 500 కిలోల గుర్రం మంచి పాల మీద ఉన్నప్పుడు రోజుకు సుమారు 15 లీటర్లు ఇస్తుంది. మేత లేకపోతే ఆ పాలు తన ఒంట్లోంచే తీసి ఇస్తుంది. అందుకే పిల్లకు మూడు నాలుగు నెలలు దాటి ఉంటే, దానికి వేరే మేత అలవాటు చేసి పాలు మాన్పిస్తారు. అంతకంటే చిన్నదైతే డబ్బా పాలు కలిపి తల్లి మీద భారం తగ్గిస్తారు. అప్పుడే పుట్టినదైతే ముర్రుపాలదే తొందర. కడుపులో ఉండగా తల్లి నుంచి రోగనిరోధక శక్తి గుర్రప్పిల్లకు దాదాపుగా అందదు. అది రావలసింది ముర్రుపాలలోనే, అదీ పేగులు దాన్ని పీల్చుకోగలిగే మొదటి రోజులోనే. పిల్ల నుదుటి మీద పాలమరకలు చూసి మురిసిపోతే పొరపాటు. చేపుకొచ్చిన పొదుగు కిందే నిలబడి తాగలేకపోతోందని, జబ్బు చేసి ఉండొచ్చని దాని అర్థం.

ఆకలి తీరాక భయం మిగులుతుంది. కడుపునిండా తిన్న గుర్రాలకూ ఉండే భయం ఇది. కెనడాలోని మానిటోబాలో వేల ఆడగుర్రాలను చూలు కట్టించి, చలికాలమంతా ఇరుకు గదుల్లో కట్టేసి, మూత్రం పట్టేవారు. అందులోని ఈస్ట్రోజన్‌తో చేసే మందు ప్రెమరిన్. గర్భిణి, గుర్రం, మూత్రం అనే మూడు ఇంగ్లిష్ మాటల ముక్కలు అతికించి పెట్టిన పేరది. 2002లో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం, ఈస్ట్రోజన్‌తో మరో హార్మోన్ కలిపి వాడే స్త్రీలకు రొమ్ము క్యాన్సర్, గుండెజబ్బు ముప్పు పెరుగుతుందని తేల్చింది. గిరాకీ పడిపోయింది, ఒప్పందాలు రద్దయ్యాయి, గుర్రాలు ఉన్నపళంగా ఎవరికీ అక్కర్లేనివయ్యాయి. కొన్ని కబేళాలకు పోయాయి, కొన్నిటిని రక్షణ సంస్థలు తెచ్చుకున్నాయి. వాటిలో చాలావాటికి మనిషి చెయ్యి అలవాటే లేదు, పిల్లల సంగతి చెప్పనక్కర్లేదు.

అలాంటి పిల్లను పట్టి, అదిమి మచ్చిక చేయాలనుకుంటారు కొందరు. నాకు అది గిట్టదు. ఫ్రాన్స్‌లో పరిశోధకులు 2005లో ప్రచురించిన ప్రయోగంలో పిల్లల్ని ముట్టుకోనే లేదు. ఈనిన మొదటి ఐదు రోజులు, రోజుకు పావుగంట చొప్పున తల్లి ఒంటిని మెత్తగా బ్రష్‌తో దువ్వి, చేత్తో మేత పెట్టారంతే. పిల్ల తల్లి చాటున నిలబడి చూసింది. నెలలు గడిచాక కూడా ఆ పిల్లలు మనిషిని చూసి పారిపోలేదు. తామే దగ్గరికి నడిచొచ్చాయి.