కొసరు ఛానళ్లు

కూరగాయలు కొన్నప్పుడు కొసరడం మన ఆడవాళ్ల జన్మహక్కు. కిలో వంకాయలు తూచాక నాలుగు పచ్చిమిరపకాయలు, ఓ కరివేపాకు రెబ్బ సంచిలో పడితేగాని బేరం పూర్తయినట్టుండదు. కానీ దుకాణదారే ఎదురు తిరిగి, "ఉత్త వంకాయలే అయితే ధర ఎక్కువమ్మా, కాకర, దొండ, ముదిరిన బెండ కూడా పట్టుకుపోతే కలిసొస్తుంది" అంటే?

2019 ఫిబ్రవరి 1న టీవీకి కొత్త పద్ధతి వచ్చినప్పుడు కరీంనగర్‌లో మా ఇంట్లో జరిగింది అచ్చంగా ఇదే. అంతకుముందు కేబులబ్బాయి నెలకింత అని పట్టుకుపోయేవాడు. చూసినా చూడకపోయినా ఛానళ్లన్నీ వచ్చిపడేవి. చూసేవాటికే డబ్బు కట్టే వీలుండాలని ట్రాయ్ నిబంధనలు పెట్టింది. కోర్టుల్లో వాదాలు నడిచి, 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా సరేనన్నది. ఇన్నాళ్లకు ఇల్లాలి మాట విన్నారు గదా అని మురిసిపోయాను.

కేబులబ్బాయి జాబితా ఇచ్చాడు. నూరు ఛానళ్ల దాకా కనెక్షను రుసుమే 130 రూపాయలు, పన్నుతో 153.40. డబ్బు కట్టే ఛానల్ ఒక్కటీ కోరకపోయినా అది తప్పదు. ఆపైన పెద్ద తెలుగు ఛానళ్లు నాలుగింట్లో మూడు 19 చొప్పున, ఒకటి 17. నాలుగూ పెట్టుకుంటే పన్నుతో మొత్తం 240 దాటింది. ఆటలూ కార్టూన్లూ ఇంకా లెక్కలోకే రాలేదు.

మా వారు పెన్సిల్ పట్టుకుని కూర్చున్నారు. తన క్రికెట్టుకు మొదటి టిక్కు. పిల్లల కార్టూన్లకు రెండోది. నా సీరియలుకు మూడోది, అదీ నేను మొహం ముడుచుకున్నాక. మా అత్తమ్మ వంతు వచ్చేసరికి లెక్క మించిపోయింది. ఆమెది నిర్మల్ వైపు పల్లె. పాత సినిమాలంటే ప్రాణం. "నాకెందుకు బిడ్డా గవన్ని? ఎంకన్న సామి ఛానల్ ఉంటె సాలు" అన్నది. తిరుపతి దేవస్థానం వారి ఛానల్ ఉచితమే. మా వారు సంతోషంగా పెన్సిల్ పక్కన పెట్టేశారు.

పదిహేను రోజుల తరువాత ఓ మధ్యాహ్నం అత్తమ్మ ఇంట్లో కనబడలేదు. బయటికి వచ్చి చూస్తే పక్కింటి గడప మీద కూర్చుని, లోపల టీవీలో పాత సినిమా చూస్తోంది. లోపలికి రమ్మన్నా వెళ్లలేదట. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ రాత్రి జాబితా నేను తీశాను. అప్పుడర్థమైంది అసలు కిటుకు. ఒక సంస్థ ఛానళ్లలో రెండు విడిగా అడిగితే ఎంతవుతుందో, పక్కన మరో నాలుగు కలిపి కట్టిన కట్టకూ ఇంచుమించు అంతే! ఆ కట్టకు 'బొకే' అని ముద్దు పేరు. కొన్ని బొకేల్లో విడి ధరల మొత్తం మీద 70 శాతం దాకా తగ్గిస్తున్నారని 2019 ఆగస్టులో ట్రాయే చెప్పింది. ఏరుకునే హక్కు చట్టమిచ్చింది. ఏరుకున్నవాళ్లకు జరిమానా ధరల పట్టీ వేసింది.

బొకేలో చేర్చే ఛానల్ విడి ధర 12 రూపాయలు మించరాదని 2020 జనవరిలో ట్రాయ్ కట్టడి చేసింది. మళ్లీ కోర్టులు. 2022 నవంబరులో ఆ 12 తిరిగి 19 అయింది, తగ్గింపు మాత్రం 45 శాతం దాటకూడదన్నారు. 2024 జులైలో కనెక్షను రుసుము మీదున్న పరిమితినే ఎత్తేశారు.

ఛానళ్లవారి వాదనా ఒకటుంది. కట్ట విప్పితే తక్కువమంది చూసేవి బతకవని. నిజమే కావచ్చు. కానీ ఆ కట్టలో బతుకుతున్నవి ఎవరివి? మా ఆడబిడ్డది ఆదిలాబాద్. పక్కనే మహారాష్ట్ర, మరాఠీ మాట్లాడే ఇళ్లెన్నో. చుట్టూ గోండి మాట్లాడే గూడేలు. ఆమెకిచ్చిన తెలుగు బొకేలో మరాఠీ లేదు, అది వేరే కొనుక్కోవాలి. గోండి అన్న మాట జాబితాలోనే లేదు. గోండి కార్యక్రమాలు వినిపించింది ఆదిలాబాద్ ఆకాశవాణి, అదీ నెల బిల్లు లేకుండా. కట్ట కాపాడుతున్నది చిన్నవాళ్లను కాదు, పెద్ద సంస్థ ఇంట్లో చెల్లని సరుకును.

ఏరుకోవడం తప్పు పద్ధతని నేననను. విడి ధరకూ కట్ట ధరకూ న్యాయమైన లంకె ఉండాలంటున్నాను. ఇంకొక మాట. చందాదారు అంటే కాగితం మీద ఒక్క పేరే. ఇల్లంటే అయిదుగురం. పొదుపు మొదలైతే ముందు తెగేది అడగడం చేతగాని మనిషి ముచ్చటే.

చివరికి నేనూ బొకేకే లొంగాను. అత్తమ్మ ఇప్పుడు మధ్యాహ్నాలు ఇంట్లోనే ఉంటోంది. ఎవరూ చూడని నాలుగు ఛానళ్లకు కూడా నెలనెలా కడుతున్నాను. కొసరన్నమాట! మీ ఇంట్లో ఈసారి జాబితా విప్పినప్పుడు పెన్సిల్ ముందుగా "నాకెందుకు" అనే మనిషి చేతికివ్వండి.