బ్రేకు అడిగే పళ్లు

మొన్న ఆదివారం మా మేనల్లుడు అమెరికా నుంచి ఫొటో పంపాడు. పది అంగుళాల రంపం బ్లేడు. దాని పళ్లు అల్యూమినియం దిమ్మలో కూరుకుపోయి ఉన్నాయి, కొబ్బరి బొండంలో దిగబడిపోయిన కత్తిలాగ. కింద ఒకటే మాట: “వేలు ఉంది మావా.”

పలాసలో పుట్టిన గుంటడు. శని ఆదివారాలు వడ్రంగం చేసుకుంటాడు. వాడిది సాస్టాప్ అనే బల్ల రంపం. స్టీవ్ గ్యాస్ అనే ఆయన, భౌతికశాస్త్రం చదివిన పేటెంట్ లాయరు, 1999లో దీనికి రూపమిచ్చాడు. బ్లేడులో సన్నని విద్యుత్ సంకేతం తిరుగుతూ ఉంటుంది. వేలు తగిలితే అది మారిపోతుంది. ఆ క్షణంలోనే స్ప్రింగు ఒక అల్యూమినియం దిమ్మని పళ్లలోకి తోసేస్తుంది. సెకనులో రెండువందలో వంతు గడిచేలోపే బ్లేడు ఆగి బల్ల కిందికి జారిపోతుంది. బ్లేడూ పోయింది, బ్రేకు కార్ట్రిడ్జీ పోయింది. పోనీండి.

ఈ కాలమ్ చదివేవాళ్లకి నా పాత పాట తెలుసు. కోసేది మోటారు కాదు, పన్ను. చెక్కని బట్టి పన్ను. నిలువు కోతకి తక్కువ పళ్లు, అడ్డకోతకీ ప్లైవుడ్‌కీ ఎక్కువ పళ్లు. దానికి తోడు ఇంకో మాట కూడా ఎన్నోసార్లు రాశాను: ప్రతి పన్ను వెనకా చిన్న భుజం ఉన్న బ్లేడే కొనండి అని.

ఆ పట్టుదల ఎక్కడిదో చెప్తాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారేసరికి ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి, పనస వేళ్లతో సహా లేచి పడిపోయాయి. మా పెరటి పనస కూడా పడింది. దాన్ని కోయించి గుమ్మం చేయిద్దామని మేస్త్రిని పిలిచాను. ఆయన బల్ల అంటే ఒక ప్లైవుడ్ ముక్క, దాని కింద తలకిందులుగా బిగించిన చేతి కట్టరు. పైకి బ్లేడు పొడుచుకొచ్చింది. గార్డు పక్క గోడకి మేకు మీద వేలాడుతోంది. ఆయన కుడిచేతికి చూపుడువేలు, నడిమివేలు సగం సగమే ఉన్నాయి. ఎలగ పోయాయని అడిగితే, “పాత గుమ్మంలో మేకు బాబూ. పన్ను దాన్ని కొట్టింది, కర్ర వెనక్కి తన్నింది, సెయ్యి జారిపోయింది” అన్నారు. పచ్చి పనస పొట్టు ఆ సగం వేళ్లకి పసుపులా అంటుకుని ఉంది. ఇన్నేళ్లయినా కళ్లముందు నుంచి పోలేదు.

పన్ను వెనక భుజం ఉంటే పన్ను ఒక్కసారి ఎక్కువ చెక్క పట్టదు, కర్ర తన్నడం తగ్గుతుంది. అందుకే మేనల్లుడు రంపం కొన్నప్పుడూ అదే చెప్పాను. “కంపెనీవాళ్లు వద్దంటున్నారు మావా” అన్నాడు. నాకు కోపమొచ్చింది. ఫొటోని పెద్దది చేసి చూశాక అర్థమైంది. బ్లేడు ఆగాలంటే పన్ను అల్యూమినియంలోకి లోతుగా కరవాలి. చెక్కని ఎక్కువ కరవనీయని భుజం దాన్నీ కరవనీయదు. ఆగడానికి కొంచెం ఎక్కువసేపు పడుతుంది, గాయం లోతవుతుంది. బ్రేకున్న రంపానికి నా సలహా తప్పు. వెనక్కి తీసుకుంటున్నాను.

ఆ రంపంలో ముందు బ్రేకు, తర్వాతే చెక్క. బ్లేడు పది అంగుళాల ఉక్కుదై ఉండాలి, కోత వెడల్పు సుమారు 2.4 నుంచి 4.8 మిల్లీమీటర్ల మధ్య. చిన్న బ్లేడు వేస్తే బ్రేకుకీ పళ్లకీ మధ్య ఎడం పెరిగిపోతుంది, ఉండాల్సింది దాదాపు నాణెం మందమే. విద్యుత్తు ప్రవహించని పళ్లు, నడిమి భాగం ఉన్న బ్లేడ్లు అసలు పనికిరావు. టెక్కలి గ్రానైట్ యూనిట్లలో రాయి కోసే డైమండ్ బ్లేడు గట్టిదే, కానీ దీనికి కూడదు. బాగా తడిగా ఉన్న కర్రా, కర్రలో మేకూ వేలు తగిలినట్టే బ్రేకుని లేపగలవు. మా పనస ఆ రోజు సాస్టాప్ బల్ల మీద పెట్టి ఉంటే, వేలు తగలకుండానే ఒక బ్లేడు పోయేదేమో.

మన పలాస, కాశీబుగ్గ వీధుల్లో నేను చూసిన బల్లల్లో ఒక్కదానికీ ఆ బ్రేకు లేదు. వాటికి భుజం ఉన్న బ్లేడే వేసుకోండి. గార్డు మేకుకి తగిలించినవాళ్లు రేపు పని మొదలుపెట్టే ముందు దాన్ని దించి బిగించండి.