ఆ ఒక్క వరుస

విలేకరికి పంపే మెయిల్‌కి సబ్జెక్ట్ లైన్ బాగా రాయగలిగినవాళ్లంటే నాకు గొప్ప గౌరవం. ఫోన్ తెర మీద ఆ వరుసలో కనిపించేది కొద్ది మాటలే. మిగతాదంతా మూడు చుక్కల వెనక్కి వెళ్లిపోతుంది. అందుకే చెయ్యి తిరిగినవాళ్లు ‘పత్రికా ప్రకటన’, ‘ప్రచురణార్థం’ అంటూ ఆ కాస్త చోటూ వృథా చేయరు. ఉదాహరణకు, మొదట ‘చేనేత ప్రదర్శనకు ఆహ్వానం’ అని రాస్తారు, కొట్టేస్తారు. ఇంతకీ అందులో ఏముందని తమను తామే ప్రశ్నించుకుంటారు. చివరికి ‘సిరిసిల్ల: అగ్గిపెట్టెలో పట్టే చీర, శనివారం నేత చూడొచ్చు’ అన్నది నిలుస్తుంది. ఊరి పేరు ముందుంది కాబట్టి ఏ జిల్లా పేజీదో డెస్కుకి వెంటనే తెలుస్తుంది. అగ్గిపెట్టె కళ్లకు కడుతుంది. ఫొటోగ్రాఫర్‌ని ఎప్పుడు పంపాలో శనివారం అన్న మాటే చెబుతుంది. ‘అద్భుతం’, ‘అపూర్వం’ లాంటి మాట ఒక్కటీ లేదు. ఆశ్చర్యపోయే పని చదివేవారికే వదిలేశారు, నాకు అన్నిటికన్నా నచ్చేది అదే. లోపల లేనిది పైన చెప్పకపోవడం ఇంకో మర్యాద. ఎడిషన్ గడువు ముంచుకొస్తున్న సాయంత్రం, కుప్పపడిన మెయిళ్ల మధ్య ఆ వరుస సబ్ఎడిటర్‌కి రెండు నిమిషాలు మిగులుస్తుంది. మగ్గం గుంటలో కూర్చున్న మనిషికి ఆదివారం పేపర్లో ఒక ఫొటో దక్కుతుంది.