కవిసమయాలూ, కొత్త ప్రేమకథలూ

ఇటీవల నల్లగొండ, మహబూబ్‌నగర్ కాలేజీల విద్యార్థి మిత్రులతో కూర్చున్నప్పుడల్లా ఒక వాదం వినబడుతున్నది. థాయిలాండు, కొరియా, జపాను దేశాల నుంచి ఫోన్లలోకి వస్తున్న ధారావాహిక నాటకాలను వాళ్ళు రాత్రిళ్ళు మేలుకొని చూస్తున్నారు. ఇద్దరు యువకుల మధ్య, లేదా ఇద్దరు యువతుల మధ్య ప్రేమ వాటి ఇతివృత్తం. చూసి వూరుకోవడం లేదు, తగవులాడుకుంటున్నారు. కథ చివర ప్రేమికులు బతకాలా, చావాలా? ఏడిపించినవాడే ప్రియుడెట్లా అవుతాడు? ఇద్దరూ మగవాళ్ళే అయినప్పుడు ఒకరిని ఎందుకు భార్యగా చిత్రిస్తున్నారు? ప్రశ్నలు ఇవీ. మన సభల్లో నవలల మీద జరిగే చర్చలు ఈమధ్య ఇంత వేడిగా వుండడం లేదని ఒప్పుకోవాలి.

మన పెద్దలు కొందరు ఈ మాట వినగానే ముఖం చిట్లిస్తున్నారు. కుళ్ళిన బూర్జువా సంస్కృతి అని ఒకరు, దిగుమతి సరుకు అని మరొకరు. రెండూ తొందరపాటు మాటలే.

దిగుమతి సంగతి ముందు చూద్దాం. నిజాం రాజ్యంలో 1919లో, ఫసలీ లెక్కన 1329లో, ఒక చట్టం వచ్చింది. హిజ్రాల పేర్లు, నివాసాలు రిజిస్టరులో ఎక్కించాలని, ఆడవేషంలో బహిరంగ స్థలంలో పాడినా ఆడినా వారంటు లేకుండానే పట్టుకోవచ్చునని ఆ చట్టం. నిజాం పోయాడు, జాగీర్లు పోయాయి, 1956లో రాష్ట్రం మారింది, 2014లో మళ్ళీ మారింది. చట్టం మాత్రం చెక్కుచెదరలేదు. 2018లో వైజయంతీ వసంత మొగ్లీ ప్రభృతులు కోర్టుకు వెళ్ళాక, 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. అంటే నల్లగొండ, మహబూబ్‌నగర్ గడ్డ మీద ఆ శాసనం నూరేళ్ళు దాటి బతికింది. లేనివాళ్ళ కోసం ఏ ప్రభుత్వమూ రిజిస్టరు తెరవదు కదా! ఆ దశాబ్దాల్లోనే తెలుగు రంగస్థలం మీద స్థానం నరసింహారావుగారు చీర కట్టి సత్యభామగా నిలబడితే జనం పరవశించారు, 1956లో పద్మశ్రీ కూడా ఇచ్చారు. రంగస్థలం మీద చీరకు బిరుదు, బజారులో చీరకు జైలు. ఈ వైరుధ్యం మనదే, బాంకాకు నుంచి వచ్చింది కాదు.

ఇక కుళ్ళు సంగతి. ఇస్మత్ చుగ్తాయ్ 1942లో ‘లిహాఫ్’ కథ రాసింది. భర్త నిర్లక్ష్యం చేసిన ఒక బేగం, ఆమె పరిచారిక, చూస్తున్న చిన్నపిల్ల: అంతే కథ. అశ్లీలమని లాహోరు కోర్టుకు ఈడ్చారు, నేరం నిలవలేదు. 1945లో ఉర్దూ అభ్యుదయ రచయితల మహాసభ మన హైదరాబాదులోనే జరిగినప్పుడు, అశ్లీలతను ఖండిస్తూ ఒక తీర్మానం ప్రతిపాదించారు. దాన్ని వ్యతిరేకించి లేచినవాడు ఎవరో యువ కవి కాదు, గడ్డం నెరసిన మౌలానా హస్రత్ మోహానీ. తీర్మానం వీగిపోయింది. కోర్టు చేయలేనిది మనమే చేయబోయాము. ఒక మౌలానా ఆపాడు. ఈ సంఘటనను మన సమావేశాల్లో గర్వంగా చెప్పుకునేవారు వున్నారు, కాని అందులో సగం గర్వమే మనకు చెల్లుతుంది. తీర్మానం తెచ్చినవాళ్ళూ మనవాళ్ళే.

కనుక ఈ నాటకాలను చూడాలా వద్దా అన్నది చర్చ కాదు. ఎట్లా చూడాలన్నది చర్చ. విద్యార్థులు ఇంగ్లీషు మాటలతో లెక్కపెట్టే ఆ పదేపదే వచ్చే కథామలుపులకు మన అలంకారికులు ఎప్పుడో పేరు పెట్టారు: కవిసమయాలు. చకోరం వెన్నెల తాగుతుందని కవి అంటే ఎవరూ పక్షిశాస్త్రం తీసి చూడరు. కవిసమయం అబద్ధమని తెలిసీ ఆనందిస్తాం. కాని అన్ని కవిసమయాలూ చకోరమంత అమాయకమైనవి కావు. రోకళ్ళు విరిగిన ఇంటి కోడలి సహనాన్ని పొగడడం కూడా ఒక కవిసమయమే.

2016లో వచ్చిన ‘సోటస్’ అనే థాయి నాటకం తీసుకోండి. ఇంజనీరింగు కాలేజీ. మూడో సంవత్సరపు విద్యార్థి ఆర్తిత్ కొత్తవాళ్ళను ఎండలో నిలబెట్టి, అరిచి, శిక్షలు వేస్తాడు. కొంగ్‌పాప్ అనే కొత్త కుర్రవాడు ఎదిరిస్తాడు, క్రమంగా ఇద్దరూ ప్రేమలో పడతారు. కాలేజీ చిహ్నమైన పళ్ళచక్రాన్ని నీవెట్లా సంపాదిస్తావని పెద్దవాడు అడిగితే, నిన్నే భార్యను చేసుకుంటాను, భార్య సొత్తు భర్త సొత్తే కదా అన్న అర్థం వచ్చేట్టు చిన్నవాడు జవాబు చెబుతాడు. ప్రేక్షకులు ఈలలు వేసిన ఘట్టమిది. నేనూ నవ్వాను, తర్వాతనే ఆలోచించాను. స్త్రీ లేని కథలో కూడా స్త్రీధనం మీద భర్త హక్కు ఎంత హాయిగా వచ్చి కూర్చున్నదో చూడండి! పాత్రలిద్దరూ పురుషులే, సంసారం మాత్రం భూస్వామ్య సంసారం. ఒకరు ఎత్తుగా, మొరటుగా వుండాలి, రెండోవాడు సుకుమారంగా సిగ్గుపడాలి. ఇది ప్రబంధ నాయికా నాయకులకు వేసిన కొత్త వేషం. ఇక ర్యాగింగు విషయం. దాన్ని నిషేధిస్తూ 1997లో చట్టం చేసుకున్న రాష్ట్రం మనది, ఆ చట్టం ఎందుకు అవసరపడిందో హాస్టలులో వున్నవాడికి చెప్పనక్కరలేదు. హింస ప్రణయానికి పూర్వరంగమని చెప్పే కథను నిలదీసిన ఆ పిల్లలే ఇక్కడ సరైన విమర్శకులు.

అయితే అదే దేశం నుంచి 2021లో వచ్చిన ‘బ్యాడ్ బడ్డీ’ వేరు. పక్కపక్క ఇళ్ళు, పగబట్టిన రెండు వ్యాపార కుటుంబాలు, వాటి కొడుకులు. ఎవరు భార్య అనే ప్రశ్నను ఆ కథ పక్కకు నెట్టింది. చివర కుటుంబాలు కౌగిలించుకోవు, ప్రేమికులు చావరు. విడిపోయినట్టు నటిస్తూ కలిసి బతుకుతారు, పెద్దలు చూసీ చూడనట్టు వుంటారు. ఇది పిరికి ముగింపని ఒక మిత్రుడు వాదించాడు. నేను ఒప్పుకోను. తల్లిదండ్రుల ముందు నటించి బతకడమంటే ఏమిటో ఈ జిల్లాల్లో వేలమందికి తెలుసు.

చావు సంగతి ఇక్కడే రావాలి. 2016లో ‘ది హండ్రెడ్’ అనే అమెరికన్ ధారావాహికలో లెక్సా అనే వీరనారి తన ప్రియురాలితో కలిసిన వెంటనే, ఎవరికో పెట్టిన గురి తప్పి, తూటా తగిలి చనిపోయింది. అభిమానులు తిరగబడ్డారు. ఇట్లాంటి ప్రేమికులను కథకులు చంపుతూనే వున్నారని లెక్కలు తీశారు, ఆత్మహత్యల నివారణకు పనిచేసే సంస్థకు విరాళాలు పోగుచేశారు. విషాదాంతమే వాస్తవికత అని బోధించే మనబోటి మాస్టర్లు ఈ తిరుగుబాటును తేలికగా తీసుకోరాదు. స్వలింగ సంబంధాన్ని నేరం కాదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది 2018 సెప్టెంబరు 6న. ఎనిమిది రోజుల తర్వాత, సెప్టెంబరు 14న, మిర్యాలగూడలో ప్రణయ్‌ను నరికి చంపారు. గర్భిణి అయిన భార్య కళ్ళముందే. అతడు దళితుడు కావడమే అతడి నేరం. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం విధించింది. ఇట్లాంటి చోట కూర్చున్న పిల్లవాడు, కథలోనైనా వాళ్ళను బతకనివ్వండి అంటే, అది పలాయనమని నేను అనలేను.

నా ఫిర్యాదు వేరొకటి. ఆ నాటకాల్లో అందరికీ కార్లు, ఖాళీ గదులు వుంటాయి. ఎవడూ ఫీజు బకాయి పడడు. ‘సోటస్’ విద్యార్థి సెలవులకు బొంబాయి వలసపోయిన తల్లిదండ్రుల దగ్గరికి పోడు. పాలమూరు విద్యార్థి పోతాడు.

మన తెలుగు తెర ఏం చేసిందంటారా? 2018లో ప్రశాంత్ వర్మ ‘అ!’ చిత్రంలో ఒక అమ్మాయి తన ప్రేయసిని హోటల్లో అమ్మానాన్నలకు పరిచయం చేస్తుంది. హాయైన, వెటకారం లేని దృశ్యం. కాని చివర తేలేదేమిటి? ఆ పాత్రలన్నీ గాయపడ్డ ఒక స్త్రీ మనస్సులోని ముక్కలు. మనవాళ్ళు ఆ ప్రేమకు చోటిచ్చారు, రోగి తలలో ఇచ్చారు. ఆ తర్వాత 2021 డిసెంబరులో హైదరాబాదు శివార్లలో సుప్రియో, అభయ్ అనే ఇద్దరు పెద్దల సమక్షంలో వేడుక చేసుకున్నారు. పెళ్ళిగా గుర్తించమని సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2023 అక్టోబరు 17న కోర్టు కాదన్నది. ఆ కేసుకు వాళ్ళ పేరే వున్నది. జీవితం రాసిన ఈ ఇతివృత్తాన్ని మన నాటకకర్త ఇంకా ముట్టుకోలేదు.

అభిమానులకు కూడా ఒక మాట చెప్పాలి. ‘హార్ట్‌స్టాపర్’లో నటించిన కిట్ కానర్ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రవాణ్ణి, నీవు నిజంగా అటువంటివాడివేనా, మమ్మల్ని మోసగిస్తున్నావా అని వేధించారు. 2022లో అతడు విసిగి తన సంగతి బయటపెట్టి, బలవంతాన చెప్పించారని రాశాడు. కథలో పాత్రను ఎవరూ బలవంతంగా బయటపెట్టరాదని వాదించినవాళ్ళే నటుడి తలుపు తట్టారు. రిజిస్టరు పట్టుకు తిరిగిన నిజాం ఠాణేదారు గుర్తుకు రాలేదా?

నాతో వాదించిన విద్యార్థుల్లో ఒకడు, సార్, ఈ కథ మన హాస్టల్లో జరిగితే ఇద్దరూ మగవాళ్ళేనా అని అడగడానికి ముందే ఇంటిపేర్లు అడుగుతారు అన్నాడు. అయితే అదే రాయండి అన్నాను. నలుగురు కలిసి మొదలుపెట్టారు. రెండంకాలు చదివి వినిపించారు. సంభాషణలు బాగున్నవి, హాస్టలు మెస్సు దృశ్యం మరీ బాగున్నది. మూడో అంకంలో ఊళ్ళోకి ఇద్దరూ కలిసి పోవాలా, ఒక్కడే పోవాలా అన్న దగ్గర తగవు పడి ఆపివున్నారు.